శ్రీలంక వెళ్తున్నారా? ఊళ్ల జాబితా కంటే ముందు వేళలు చూసుకోండి

ప్యాకేజీల్లో శ్రీలంక అంటే దాదాపు ఒకటే దారి. కొలంబోలో దిగడం, కాండీ, నువర ఎలియా, బెంటోట బీచ్, మళ్లీ కొలంబో. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. చోట్లలో తప్పేం లేదు, వేళల దగ్గరే చెడుతుంది. టీ ఫ్యాక్టరీకి మిషన్లు ఆగి ఉన్న రోజు తీసుకెళ్తారు, గుడికి పూజ అయిపోయాక, భోజనానికి కూరలు అడుగంటాక. ఈ దీవిలో చూడదగ్గ ప్రతిదానికీ ఒక నెల ఉంటుంది, ఒక రోజు ఉంటుంది, చాలాసార్లు ఒక గంట కూడా ఉంటుంది. అది కుదిరితే ఎర్ర బస్సులో తిరిగినా అన్నీ దొరుకుతాయి. కుదరకపోతే ఏసీ కారు, గైడు ఉన్నా లాభం లేదు. అందుకే ఇక్కడ ఊళ్ల వరస పక్కన పెట్టి, ఏది ఎప్పుడు చేయాలో చెబుతున్నాం.

ముందు నెల ఖాయం చేసుకోండి

శ్రీలంకకి రెండు రుతుపవనాలు. నైరుతి మే నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరాన్ని, దక్షిణాన్ని, కొండ ప్రాంతాన్ని తడుపుతుంది. ఈశాన్యం డిసెంబరు, జనవరి నెలల్లో తూర్పు, ఉత్తరాల మీద పడుతుంది. కాబట్టి డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా కాండీ, ఎల్ల, శ్రీపాద, గాలే, మిరిస్స. మే నుంచి సెప్టెంబరు దాకా త్రికోణమలై, జాఫ్నా, మిన్నేరియ ఏనుగులు. అక్టోబరు, నవంబరు నెలల్లో దీవి అంతటా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. తుఫాన్లు, కొండచరియలు విరిగిపడటం కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే.

మన సెలవులతో సరిచూసుకుంటే లెక్క తేలిక. సంక్రాంతి సెలవులు శ్రీపాద ఎక్కడానికి, కొండ రైలుకి చక్కగా సరిపోతాయి. వేసవి సెలవుల్లో మే పదో తేదీ దాటాక వెళ్లేవాళ్లు కొండల మీద ఆశ పెట్టుకోకుండా తూర్పు తీరానికి వెళ్లాలి. దసరా సెలవులు అన్నిటికంటే ఇబ్బందైనవి, వీలైతే మానుకోండి.

ఏప్రిల్ 13, 14 తేదీల చుట్టూ సింహళ, తమిళ కొత్త సంవత్సరం వస్తుంది. కొలంబో అంతా సొంతూళ్లకి కదులుతుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. దానికి రెండు రోజుల ముందు బస్సుల్లో, రైళ్లలో కాలు పెట్టే సందు ఉండదు, తర్వాత మూడు నాలుగు రోజులు చిన్న హోటళ్లు, దుకాణాలు తెరవరు. ఎవరి ఇంట్లోనైనా బస ఉంటే ఆ రోజుల్లో వెళ్లడం భాగ్యమే. పొయ్యి వెలిగించే ముహూర్తానికి పాలు పొంగించడం, కిరిబత్ అనే కొబ్బరిపాల అన్నం, కొబ్బరి నూనెలో వేయించిన కవుం, కొక్కిస్ అనే పిండివంటలు అన్నీ చూడొచ్చు. హోటల్ గదిలో ఉండేవాళ్లకి మాత్రం ఆ వారం వృథా.

నెల తర్వాత చూడాల్సింది పౌర్ణమి. ప్రతి పౌర్ణమీ పోయ దినం, దేశమంతా సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం దుకాణాలు మూస్తారు. గుళ్లు తెల్లని బట్టల్లో జనంతో నిండిపోతాయి. గుడి వాతావరణం కావాలంటే పోయ నాడు వెళ్లండి, తీరిగ్గా చూడాలంటే ఆ రోజు తప్ప ఎప్పుడైనా వెళ్లండి. మే నెలలో వచ్చే వెసాక్ పోయ వీటన్నిటిలో పెద్దది. ఇళ్ల ముందు కాగితం లాంతర్లు, కూడళ్లలో బుద్ధుడి కథలు చెప్పే రంగురంగుల దీపాల తోరణాలు పెడతారు. రోడ్డు పక్కన దన్సల్ అనే ఉచిత అన్నదానం జరుగుతుంది. కొలంబోలో గంగారామయ గుడి, బెయిరా చెరువు చుట్టూ రాత్రి ఏడు తర్వాత నడవండి, కారు తీస్తే గంటకి వంద మీటర్లు కూడా కదలదు. దన్సల్ దగ్గర విదేశీయులనీ స్వదేశీయులనీ తేడా లేదు. వరసలో నిలబడాలి, పెట్టింది తినాలి. డబ్బు ఇవ్వబోతే వాళ్లు నొచ్చుకుంటారు. అన్నం దన్సల్ పెద్దది కాబట్టి ముందు దానికి వెళ్లండి, ఐస్‌క్రీమ్, మంచినీళ్ల దన్సల్ దారి పొడుగునా తగులుతూనే ఉంటాయి.

కొండ రైలు: టికెట్ దగ్గరే సగం పని

కొలంబో ఫోర్ట్ నుంచి బదుల్ల దాకా వెళ్లే లైను మీద, ముఖ్యంగా కాండీ నుంచి ఎల్ల దాకా, ప్రయాణం దాదాపు ఏడు గంటలు. పట్టాలు మన బ్రాడ్‌గేజే, కానీ మలుపులు అంత బిగుతు కాబట్టి రైలు మెల్లగా పోతుంది. పట్టిపొల దగ్గర 1,898 మీటర్ల ఎత్తుకి చేరుతుంది.

రిజర్వేషన్ ప్రయాణానికి 30 రోజుల ముందు తెరుస్తారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి రైళ్ల సీట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. శ్రీలంక రైల్వే అధికారిక వెబ్‌సైటులో ముందే ఖాతా తెరిచి, అందరి పాస్‌పోర్టు నంబర్లు పక్కన రాసిపెట్టుకుని కూర్చోండి. టికెట్ ఒకరి పేరున, ప్రయాణం ఇంకొకరిది అయితే చిక్కే. స్టేషన్ బయట ఎక్కువ ధరకి అమ్మే టికెట్లు ఎంత నమ్మకంగా చెప్పినా కొనకండి. ప్రయాణం రోజు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

ఫస్ట్ క్లాస్ ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు. అద్దం మీద నీటిమరకల్లోంచి టీ తోటలు చూడాలి, ఫోటోల్లో మీ ముఖాలే కనిపిస్తాయి. ఈ లైను మీద మా ఓటు సెకండ్ క్లాస్ రిజర్వుడ్‌కి. సీటు ఖాయం, కిటికీ తెరుచుకుంటుంది, తలుపు దగ్గర గాలి తగులుతుంది. థర్డ్ క్లాస్ రిజర్వుడ్ కూడా బాగానే ఉంటుంది, సీటు కాస్త గట్టి. రిజర్వేషన్ దొరక్కపోతే భయపడక్కర్లేదు, అన్‌రిజర్వుడ్ టికెట్ ఆ రోజే కౌంటరులో ఎంతమందికైనా ఇస్తారు. సీటు మాత్రం మీ అదృష్టం. కాండీలో ఎక్కితే నిలబడాల్సి రావచ్చు, బయల్దేరే చోటైన కొలంబో ఫోర్ట్‌లో గంట ముందు వెళ్లి ఎక్కితే చాలావరకు దొరుకుతుంది.

కొన్ని రైళ్లు కాండీ స్టేషన్‌లోకి రావు, పెరదెనియ జంక్షన్‌లో ఆగి అటే వెళ్లిపోతాయి. ఉడరట మెనికే అలాంటిదే. టికెట్ మీద ఎక్కే స్టేషన్ ఏదని రాసుందో చూసుకోకుండా కాండీ ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసి రైలు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. కాండీ నుంచి పెరదెనియకి ఆటోలో పావుగంట, పొద్దున రద్దీలో అరగంట.

రద్దీ అంతా నువర ఎలియాకి దగ్గరి స్టేషనైన నాను ఓయ నుంచి ఎల్ల మధ్యనే. టూరిస్టు వ్యాన్లన్నీ జనాన్ని నాను ఓయలో ఎక్కించి, సామాను రోడ్డు మీద ఎల్లకి తీసుకెళ్లి అక్కడ వాళ్లని మళ్లీ ఎక్కించుకుంటాయి. దీన్ని తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ముందు బస్సులో ఎల్లకి వెళ్లి, తిరుగు దారిలో బదుల్ల నుంచి పొద్దుటి రైలు ఎక్కడం. పెట్టె ఖాళీగా మొదలవుతుంది. రెండోది, రైలు కోసం రోజంతా ఇవ్వకుండా హపుతలే నుంచి ఎల్ల మీదుగా బదుల్ల దాకా మాత్రమే వెళ్లడం. హపుతలే దగ్గర పట్టాలు కొండ వెన్నుమీద నడుస్తాయి. ఎల్ల దాటాక తొమ్మిది తోరణాల వంతెన, ఆ తర్వాత దెమోదర లూప్ వస్తాయి. లూప్ దగ్గర రైలు స్టేషన్ నుంచి బయల్దేరి కొండ చుట్టూ తిరిగి, అదే స్టేషన్ కింద సొరంగంలోంచి వస్తుంది. ఎల్లలో దిగిపోయేవాళ్లకి ఈ రెండూ రైలు మీంచి కనబడవు. ఇంత దూరం వచ్చి ఆఖరి గంట వదులుకోవడం మాకు బాధనిపిస్తుంది.

తొమ్మిది తోరణాల వంతెన 1921లో పూర్తయింది. ఇటుక, రాయి, సిమెంటుతో కట్టారు, ఇనుము లేదు. పొడవు 91 మీటర్లు, ఎత్తు 24. ఎల్ల ఊరి నుంచి నడిస్తే అరగంట, ముప్పావు గంట. రోజుకి కొద్ది రైళ్లే దాటుతాయి కాబట్టి ఎల్ల స్టేషన్‌లో ఆ రోజు వేళలు అడిగి, అరగంట ముందు చేరండి. రైలు ఆలస్యంగా రావడమే మామూలు.

తలుపులో వేలాడుతూ ఫోటోలు దిగడం గురించి సూటిగా చెప్పాలి. సొరంగం గోడలకీ రాతి కోతలకీ పెట్టెకీ మధ్య జానెడు ఎడం ఉండే చోట్లున్నాయి. పడి చనిపోయినవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు ఉన్నారు. మెట్టు మీద కూర్చుంటే ప్లాట్‌ఫారం అంచుకి కాళ్లు నలుగుతాయి. తలుపు లోపల, గడప వెనక నిలబడి పట్టుకోండి, గాలి అంతే తగులుతుంది.

తిండి మోసుకెళ్లక్కర్లేదు. రొయ్యని నడినెత్తిన పెట్టి వేయించిన ఇస్సో వడె, శనగలు, ఉడికిన పల్లీలు, ఉప్పూకారం చల్లిన అంబరెల్లా కాయలు పెట్టెలోకే వస్తాయి. చిల్లర మాత్రం పెట్టుకోండి. భారీ వానల తర్వాత చరియలు పడి ఈ లైను రోజుల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం మూతపడుతుంది. విమానం టికెట్ కొనకముందే ఏ స్టేషన్ల మధ్య రైళ్లు నడుస్తున్నాయో చూసుకోవాలి.

శ్రీపాద: రాత్రి ఎక్కే కొండ

2,243 మీటర్ల కొండ. పైన బండ మీద పాదముద్ర. బౌద్ధులకి అది బుద్ధుడిది, హిందువులకి శివుడిది, ముస్లిములకి ఆదముది. అందరూ ఒకే మెట్ల మీద ఎక్కుతారు. సీజన్ డిసెంబరు పౌర్ణమికి మొదలై మే నెల వెసాక్ పౌర్ణమికి ముగుస్తుంది. ఆ ఆరు నెలలూ దారి పొడుగునా రాత్రంతా దీపాలు, టీ కొట్లు, కూర్చోవడానికి అంబలమలు ఉంటాయి. మిగతా ఆరు నెలలూ దీపాలు లేవు, కొట్లు లేవు, గాలివాన, జలగలు. జూలైలో ఎక్కి పైన మేఘం తప్ప ఏమీ చూడక దిగేవాళ్లే ఎక్కువ. సీజన్ కాకపోతే ఈ కొండని మరోసారికి ఉంచుకోండి.

దారులు చాలా ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి హట్టన్ వైపు నల్లతన్నియ దారే సరైనది. డల్హౌసీ అని రాసినా ఇదే ఊరు. రత్నపుర వైపు పలాబద్దల దారి దీనికంటే చాలా పొడవు, నిటారు. కాండీ నుంచి హట్టన్ రైల్లో రెండున్నర, మూడు గంటలు. సీజన్‌లో హట్టన్ స్టేషన్ బయటే నల్లతన్నియ బస్సులు ఉంటాయి, గంటన్నర నుంచి రెండు గంటల మలుపుల దారి. వాంతులయ్యేవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి. మధ్యాహ్నం మూడు లోపు చేరి, గదిలో సామాను పడేసి, ఏడింటికి తిని, ఎనిమిదికి పడుకోండి.

కింద నుంచి పైకి దాదాపు 7 కిలోమీటర్లు, సుమారు 5,500 మెట్లు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకి మూడున్నర గంటలు, పెద్దవాళ్లతో అయితే ఐదు. సూర్యోదయం ఆరుంపావు, ఆరున్నర మధ్య. మామూలు రోజు రాత్రి రెండింటికి బయల్దేరితే సరిపోతుంది. శని, ఆదివారాల్లో, పోయ రోజుల్లో ఈ లెక్క పనికిరాదు. చివరి కిలోమీటరులో జనం వరస కదలకుండా నిలిచిపోతుంది, రెండింటికి బయల్దేరినవాళ్లు మెట్ల మీదే తెల్లవారడం చూస్తారు. ఆ రోజుల్లో రాత్రి పది, పదకొండుకే ఎక్కడం మొదలుపెట్టాలి. ఎంచుకునే వీలుంటే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి.

త్వరపడి ముందే చేరితే ఇంకో ఇబ్బంది. మూడున్నరకి పైకి చేరితే దాదాపు మూడు గంటలు చెమట తడి బట్టల్లో ఈదురుగాలిలో కూర్చోవాలి. పైన చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది, గాలికి ఇంకా తక్కువ అనిపిస్తుంది. శ్రీపాద మీద వణికి కిందికి పారిపోయేవాళ్లలో ఎక్కువమంది ఇలా తడిసినవాళ్లే. జాకెట్ వేసుకుని ఎక్కకండి. పల్చటి చొక్కాతో ఎక్కి, పైకి చేరే పావుగంట ముందు ఏదో ఒక టీ కొట్టులో ఆగి పొడి బనీను, దాని మీద జాకెట్, తలకి మఫ్లరో కోతిటోపీయో వేసుకోండి. గుడి దగ్గర చెప్పులు, బూట్లు విప్పాలి, బండ మంచులా ఉంటుంది. అందుకని రెండు జతల మేజోళ్లు, ఒక జత పైన కూర్చునేటప్పటికి పొడిగా ఉండాలి. ఇంకా కావాల్సినవి: మనిషికి లీటరున్నర నీళ్లు, టార్చి, చిన్న నోట్లు, ఖర్జూరాలో పల్లీ చిక్కీలో గుప్పెడు. దారిలో టీ దొరుకుతుంది, పైకి పోయేకొద్దీ ధర పెరుగుతుంది. అది వీపుమీద మోసుకొచ్చిన పాలపొడి, చక్కెర కాబట్టి బేరం ఆడకండి.

మొదటి అరగంట చదునుగా ఉండి మోసం చేస్తుంది. ఆ ఉత్సాహంలో గబగబా నడిస్తే తర్వాత ఊపిరి అందదు. జపాన్ వాళ్లు కట్టిన తెల్లటి శాంతి స్తూపం దాటాక ఎక్కుడు మొదలవుతుంది, చివరి మూడోవంతు నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది. కొన్ని మెట్లు జానెడు, కొన్ని మోకాలెత్తు. నూరు మెట్లకోసారి నిలబడే ఊపిరి తీసుకోండి, కూర్చుంటే కండరాలు చల్లబడి లేవలేరు. దారిలో సీత గంగుల అనే వాగు దగ్గర యాత్రికులు ముఖం, కాళ్లు కడుక్కుంటారు. ఇందికటుపాన దగ్గర తెల్ల దారం సూదికి గుచ్చి, ఉండ విప్పుకుంటూ పైకి పోతారు. ఎదురుపడ్డవాళ్లు "కరుణావయి" అంటారు, మీరూ అదే మాట తిరిగి అనండి. పైన గంట ఉంటుంది. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు మోగించాలి, మొదటిసారి అయితే ఒక్కసారే. పాదం ఉన్న మందిరంలో ఫోటోలు తీయనివ్వరు.

సూర్యుడు పైకి రాగానే అందరూ తూర్పు వైపే చూస్తూ ఉండిపోతారు. ఒక నిమిషం చూసి వెంటనే పడమటి వైపుకి వెళ్లండి. కొండ నీడ మంచు మీద కొసదేరిన త్రిభుజంలా కిలోమీటర్ల దూరం పరుచుకుంటుంది. కొండ ఆకారం అంత నిఖార్సైన త్రిభుజం కాదు. నీడ చాలా దూరం సాగడం వల్ల అంచులు దూరాన కలిసినట్టు కనబడతాయి. పావుగంటలో కురచై పోతుంది.

దిగడం రెండున్నర గంటలు. మోకాళ్లు పట్టుకునేది ఇప్పుడే. తిన్నగా దిగకుండా కాస్త ఏటవాలుగా, పక్క నుంచి అడుగు వేయండి, కర్ర ఉంటే దాని మీద బరువు మోపండి. ఏడింటికల్లా దిగడం మొదలుపెడితే ఎండ ముదరకముందే గదికి చేరతారు. మర్నాడు ప్రయాణం తప్ప ఇంకేం పెట్టుకోవద్దు, రెండు రోజులు బస్సు మెట్లు కూడా ఎక్కలేరు.

తినే వేళలు

అన్నం, కూరలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా. ఊరి జనం తినే చిన్న హోటల్‌లో ఆ వేళకి వెళ్తే పప్పు, రెండు మూడు కూరలు, మల్లుం అనే ఆకుకూర కొబ్బరి వేపుడు, అప్పడం వేడివేడిగా ఉంటాయి. మూడు దాటితే మిగిలిన అడుగు దొరుకుతుంది. ఆప్పలు, అంటే గిన్నె ఆకారపు దోసెలు, సాయంత్రం ఐదారు నుంచి రాత్రి దాకా వేస్తారు, పగలు అడిగితే పొద్దుటివి తెచ్చి పెడతారు. కొత్తు రొట్టి, అంటే రొట్టెని తరిగి కూరతో కలిపి వేయించేది, రాత్రి తిండి, పెనం మీద రెండు రేకులతో టకటకా కొట్టే చప్పుడే దానికి బోర్డు.

శాకాహారులు జాగ్రత్తపడాల్సింది ఉంబలకడ, అంటే ఎండబెట్టిన చేప పొడి. పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో అదే రుచి. కూరగాయల కూరల్లోనూ, పప్పులోనూ వేస్తారు. వెజిటేరియన్ అని చెబితే ముక్కలు లేకుండా పెడతారు గానీ, పొడి గురించి వాళ్లకి తట్టదు. "ఉంబలకడ ఎపా", అంటే ఉంబలకడ వద్దు, అని విడిగా చెప్పండి. తమిళుల సైవ హోటళ్లలో ఈ బెంగ ఉండదు. బేకరీ హోటళ్లలో కూర్చోగానే అడగకుండానే పళ్లెం నిండా రోల్సు, బన్నులు పెడతారు. తిన్నవాటికే లెక్క, భయపడకండి. వాటిలో మాలు పాన్ అంటే చేప బన్ను.

గేదె పెరుగు మట్టిచట్టిలో, మీద కితుల్ పాకం. కితుల్ మన అల్లూరి జిల్లా ఏజెన్సీలో కల్లు తీసే జీలుగ చెట్టే. అక్కడ ఆ నీరాని కాచి పాకం, బెల్లం చేస్తారు. రోడ్డు పక్క సీసాల్లో చక్కెర కలిపినవి ఎక్కువ. కొనే ముందు చెంచాడు రుచి చూడండి. అసలుది తియ్యదనం వెనక పొగ వాసన వదులుతుంది, కల్తీది ఉత్త తీపి. పాలు పోసిన టీ దాదాపు అంతటా పాలపొడితోనే పెడతారు. మన టీ రుచి వెతుక్కోకుండా ప్లేన్ టీ అడిగి, పక్కన బెల్లం ముక్క కొరుక్కుని తాగండి. ఆ ఊళ్ల టీకి అదే న్యాయం.

కాండీ, ఏనుగులు, టీ

కాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి దళద మాలిగావలో పూజలు పొద్దున ఐదున్నర, తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరున్నర. ఆ వేళల్లోనే దంతధాతువు ఉన్న గది తలుపు తీస్తారు. సాయంత్రం పూజకి టూరిస్టు బస్సులన్నీ వస్తాయి, ఐదున్నరది ఊరివాళ్లది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, తెల్లవి అయితే మంచిది. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు. ఈ నియమం దేశమంతటా ఉంది, తప్పితే పోలీసుల దాకా పోతుంది. గుడి ముందున్న ఎనిమిది కోణాల మంటపం, ఎదురుగా చెరువు కట్టించింది శ్రీ విక్రమ రాజసింహుడు. తెలుగు మూలాలున్న నాయక వంశంలో ఆఖరి రాజు. 1815లో బ్రిటిష్ వాళ్లు పట్టుకుని వెల్లూరు కోటకి పంపారు, 1832లో అక్కడే పోయాడు. ఒక తెలుగువాడు ఆ చెరువు గట్టు మీద కాసేపు కూర్చోకుండా రావడం న్యాయం కాదు.

జూలై, ఆగస్టుల్లో కాండీలో ఎసల పెరహెర అనే ఊరేగింపు పది రాత్రులు. మొదటి ఐదు కుంబల్, తర్వాతి ఐదు రందోలి, ఆఖరి రాత్రి పెద్దది. కుర్చీల ధర చివరి రెండు రాత్రులకి చాలా పెరుగుతుంది. కుంబల్ చివరి రాత్రో రందోలి మొదటి రాత్రో తీసుకుంటే తక్కువ ఖర్చులో నృత్యాలు, కొరడాలవాళ్లు, దివిటీలు, ఏనుగులు దగ్గర్నుంచి కనబడతాయి. పేవ్‌మెంట్ మీద ఉచితమే గానీ మధ్యాహ్నం పన్నెండుకల్లా చాప పరచాలి. ఒకసారి దారి మూశాక బయటికి పోలేరు, కాబట్టి నీళ్లు తక్కువ తాగి, బాత్రూం పని ముందే చూసుకోండి.

అదే నెలల్లో మిన్నేరియ. మహాసేనుడు మూడో శతాబ్దంలో తవ్వించిన చెరువు అది. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లాంటి ఏర్పాట్లు ఆ దేశపు ఎండు ప్రాంతం అంతటా ఉన్నాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు వెనక్కి తగ్గి లేతగడ్డి మొలిస్తే, అడవుల్లోని ఏనుగులు గుంపులు గుంపులుగా దిగుతాయి. చెరువు నిండుగా ఉంచిన ఏడాది గడ్డి ఉండదు, ఏనుగులు పక్కనున్న కవుడుల్లకో హురులుకో పోతాయి. అందుకే పార్కు పేరు చెప్పి జీపు మాట్లాడుకోకండి. "ఈ వారం ఏనుగులు ఎక్కడున్నాయి" అని ఇద్దరు ముగ్గురు డ్రైవర్లని విడివిడిగా అడిగి, మధ్యాహ్నం మూడుకి లోపల ఉండేలా బయల్దేరండి. పొద్దున వెళ్తే గడ్డే కనబడుతుంది.

టీ ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్లాలి. కోసిన ఆకు రాత్రంతా వాడిపోయాక, తెల్లవారి నలపడం, పులియబెట్టడం, ఎండబెట్టడం నడుస్తాయి. మధ్యాహ్నానికి చాలాచోట్ల అయిపోతుంది. ముందు రోజు ఆకు కోయకపోతే మిషన్లు నిలిచే ఉంటాయి, కాబట్టి ఆదివారానికీ, పోయకీ మర్నాడు వద్దు. తోటల్లో ఆకు కోసే అక్కలని అడగకుండా ఫోటో తీయకండి. వాళ్లకి కూలీ కిలోల లెక్కన ముడిపడి ఉంటుంది, ఆపిన ప్రతి నిమిషమూ వాళ్ల గంపలోంచి పోతుంది.

తూర్పు తీరం

త్రికోణమలై కోనేశ్వరం గుడి సముద్రం మీదికి పొడుచుకొచ్చిన బండ కొసన ఉంటుంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునే శాంకరీదేవి ఇక్కడే అని నమ్మకం, అందుకే మనవాళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసులు కూల్చారు, ఇప్పటిది 20వ శతాబ్దపు కట్టడం. దారి ఫ్రెడరిక్ కోటలోంచి, లోపల జింకలు తిరుగుతుంటాయి. చేతిలో పండ్లు, ప్రసాదం కనబడనివ్వకండి. పొద్దున్నే వెళ్లాలి, పదింటికి బండ కాలుతుంది. కొలంబో నుంచి రాత్రి రైలుంది. ఊరికి దగ్గర్లో కన్నియ వేడి నీళ్ల బావులు ఏడు. లోతు తక్కువ, దిగి మునగడం కుదరదు, బకెట్‌తో తోడి పోసుకోవాలి. ఒక్కో బావి వేడి ఒక్కోలా ఉంటుంది, చేయి పెట్టి చూసి పిల్లలకి పోయండి. జాఫ్నా నల్లూరు గుడికి వెళ్తే మగవాళ్లు చొక్కా, బనీను రెండూ తీయాలి, పంచె కట్టుకుంటే మంచిది.

అనురాధపుర జిల్లా తంబుత్తేగమ వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. అహికుంటకులు అనే సంచార జాతివాళ్లు అక్కడ స్థిరపడ్డారు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. పాములాట, కోతులాట ఆడించమని డబ్బు ఇవ్వకండి. ఎదురైతే తెలుగులో పలకరించండి, అక్కా, అయ్యా అంటే చాలు.

బయల్దేరే ముందు

ప్రయాణ అనుమతి ప్రభుత్వ ఈటీఏ వెబ్‌సైటులోనే తీసుకోండి. చిరునామా చివర గవ్ డాట్ ఎల్‌కే అని ఉండాలి, అచ్చం దానిలా కనబడి రెట్టింపు వసూలు చేసే సైట్లు చాలా ఉన్నాయి. సిగిరియ కొండకోట లాంటి చోట్ల మనలాంటి సార్క్ దేశాలవాళ్లకి టికెట్ తక్కువ. కౌంటర్‌లో అసలు పాస్‌పోర్టు చూపించి మీరే అడగాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలకి ఇది వర్తించదు.

2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ పని చేస్తోంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఇండియాలో ఉండగానే ఆన్ చేసుకోండి. పెద్ద దుకాణాల్లో సరే, బస్సు, టీ కొట్టు, ఆటోకి నోట్లే. కొలంబో, కాండీల్లో ఆటో పిక్‌మీ యాప్‌లో పిలవండి. ఎల్ల లాంటి ఊళ్లలో యాప్ ఆటోలు దొరకడం కష్టం, ఎక్కే ముందే ధర మాట్లాడుకోవాలి. బస్సులో మొదటి సీట్లు భిక్షువులవి. ఖాళీగా ఉన్నా భిక్షువు ఎక్కగానే లేవాలి, ఆడవాళ్లు ఆయన పక్కన కూర్చోకూడదు.